అడిగినవారికి మన జీవితము చెప్పుట

ధ్యాన వాక్యభాగములు: ఆదికాండము 47:7-10, 27-31, 48:1-11

కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో, యానాములో తరతరములుగా స్థిరపడి, ప్రతి ఆదివారము తెలుగులోనే దేవుని స్తుతించుచున్న మన సంఘములన్నిటిని తలంచుకొని ఈ మాటలు వ్రాయుచున్నాము.

ఈ రోజులలో బడిపిల్లలకు ఒక పని ఇచ్చుట వాడుకైనది. ఇంటిలోని పెద్దవారిని పది ప్రశ్నలడిగి, జవాబులు వ్రాసికొని రమ్మందురు. మనవడు నోటుబుక్కు పట్టుకొని తాతగారి మంచము ప్రక్కన కూర్చుండును. "తాతయ్యా, మీరెక్కడ పుట్టారు? చిన్నప్పుడు ఏమి తినేవారు? ఈ ఊరికి ఎందుకు వచ్చారు? ఇప్పుడు మీకు ఏం కావాలని ఉంది?" అని అడుగును. తాతగారు గోడవైపు చూచి, "ఏముందిరా చెప్పడానికి? ఏదో బ్రతికాం" అందురు. పిల్లవాడు రెండు ముక్కలు వ్రాసికొని లేచిపోవును. నాయనమ్మ దగ్గరకు పోయినను అదే మాట. "మా బ్రతుకులు ఏం బ్రతుకులులే నాయనా!"

ప్రియులారా, డెబ్బది ఏండ్లు దేవుడు ఎత్తుకొని మోసిన జీవితమునకు "ఏమీ లేదు" అని పద్దు వ్రాయవచ్చునా? ఇది వినయమని మనము అనుకొందుము. కాని వినయము వేరు, దాచుట వేరు. మన జీవితమును గూర్చి, జ్ఞాపకములను గూర్చి, కోరికలను గూర్చి ప్రేమతో అడిగిన వారికి సత్యముగా జవాబు చెప్పుట మనము పిల్లలకు బాకీపడిన సాక్ష్యము. ఈ సంగతిని మన పితరుడైన యాకోబు జీవితములో చూతము. అతడు కూడ మనవలె సొంత నేల విడిచి, పరాయి దేశములో మనుమలను ఎత్తుకొన్న ముసలివాడే.

1. ఒకే మనిషికి మూడు ప్రశ్నలు

యాకోబు నీవెవరవని మూడు పర్యాయములు అడుగబడెను. ఆ మూడు జవాబులను వరుసగా పెట్టి చూచినయెడల అతని జీవితమంతయు మనకు అర్థమగును.

మొదట అడిగినవాడు అతని తండ్రి ఇస్సాకు (ఆది. 27:18). కన్నులు కనబడని తండ్రి, వచ్చినది ఏ కుమారుడని అడిగెను. యాకోబు అన్న బట్టలు కట్టుకొని, చేతులకు మేకపిల్లల తోలు చుట్టుకొని, తాను ఏశావునని చెప్పెను. ఆశీర్వాదము దొరికినది గాని ఇల్లు దొరకలేదు. ఆ జవాబు చెప్పిన నోటితోనే ఊరు విడిచి పారిపోవలసి వచ్చెను. ఇరువది సంవత్సరములు మేనమామ ఇంట చాకిరి చేసెను.

రెండవసారి అడిగినది యబ్బోకు రేవు దగ్గర, రాత్రియంతయు అతనితో పెనుగులాడినవాడు (ఆది. 32:27). నీ పేరేమిటని అడిగెను. ఆయనకు పేరు తెలియక అడిగెనా? కాదు. యాకోబు నోట యాకోబు అను పేరు రావలెను. ఏశావు ఒకప్పుడు ఏడ్చుచు, ఆ పేరు వీనికి తగినదే, వీడు నన్ను రెండుసార్లు మోసగించెనని చెప్పియుండెను. అట్టి పేరును ఇప్పుడు తానే ఒప్పుకొని చెప్పెను. సొంత పేరు చెప్పిన ఆ రాత్రియే దేవుడు అతనికి క్రొత్త పేరు పెట్టెను.

మూడవసారి అడిగినవాడు ఐగుప్తు రాజైన ఫరో (ఆది. 47:8). వయస్సెంత అని అడిగెను. ఇది చిన్న ప్రశ్న, మర్యాదకు అడిగిన ప్రశ్న. యాకోబు నూట ముప్పది అని ఊరుకొనవచ్చును. లేక గొప్పలు చెప్పవచ్చును. కొడుకు ఆ దేశమునకు రెండవ అధికారి. తాత అబ్రాహాము రాజులను ఓడించినవాడు. చెప్పుకొనుటకు ఎంత లేదు! అయితే ఆ వృద్ధుడు ఏమి చెప్పెను? తన సంవత్సరములు యాత్రలో గడచినవనియు, అవి కొద్దివనియు, కష్టముతో నిండినవనియు, పితరుల ఆయుష్షునకు తాను చేరలేదనియు చెప్పెను. అబ్రాహాము నూట డెబ్బదియైదు, ఇస్సాకు నూట ఎనుబది సంవత్సరములు బ్రతికిరి గనుక ఆ లెక్క కూడ సరియైనదే.

ఇక్కడ మనము గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. యాకోబు రాజసభలోనికి వచ్చినప్పుడు ఫరోను దీవించెను, వెళ్లునప్పుడు మరల దీవించెను (7, 10 వచనములు). ఆ రెండు దీవెనల మధ్యనే తన కష్టదినముల మాట చెప్పెను. తన జీవితమును ఉన్నది ఉన్నట్లు చెప్పగలిగినవాడు రాజునైనను దీవింపగలడు. అన్న బట్టలు కట్టుకొని ఆశీర్వాదము దొంగిలించిన అతడే తన సొంత మాటతో ఇతరులకు ఆశీర్వాదమిచ్చువాడాయెను. నిజమైన జవాబు చెప్పుట నేర్చుకొనుటకు అతనికి జీవితమంతయు పట్టినది. మనకు కూడ పట్టవచ్చును. అయినను నేర్చుకొనవలెను.

2. జ్ఞాపకమును దాచవద్దు

నలువది ఎనిమిదవ అధ్యాయములో యాకోబు జబ్బుతో మంచమెక్కియున్నాడు. యోసేపు తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని వచ్చెను. మనష్షే, ఎఫ్రాయిము ఐగుప్తులో పుట్టిన పిల్లలు. వారి తల్లి ఆసెనతు ఐగుప్తు పూజారి కుమార్తె. కనాను వారికి చూడని దేశము. మన పిల్లలకు నెల్లూరో, ఒంగోలో, కాకినాడో, నల్లగొండయో ఎట్లో, వారికి కనాను అట్లే.

యాకోబు బలము తెచ్చుకొని మంచము మీద కూర్చుండెను. రెండు సంగతులు చెప్పెను. లూజులో దేవుడు తనకు ప్రత్యక్షమైన సంగతి మొదటిది. రాహేలు దారిలో చనిపోయిన సంగతి రెండవది. ఎఫ్రాతాకు ఇంక కొంత దూరమున్నదనగా ఆమె మరణించెననియు, ఆ దారి ప్రక్కనే పాతిపెట్టితిననియు చెప్పెను. ఒకటి మహిమ గల జ్ఞాపకము, ఒకటి గుండె కోత. రెండింటిని ఒకే ఊపిరిలో చెప్పెను. ఆ పిల్లలు రాహేలుకు మనుమలు. నాయనమ్మ ముఖము వారెరుగరు. ఆమె ఎక్కడ చనిపోయెనో, తాత ఎంతగా దుఃఖించెనో ఆ మంచము దగ్గర వినని యెడల మరి ఎక్కడ విందురు?

మన సంఘములలో అడిగి తెలిసికొనవలసిన సంగతులు ఎన్నియో ఉన్నవి. మనమందరము ఒకే విధముగా ఇక్కడికి చేరలేదు. కొందరి తాతలు చిత్తూరు ప్రాంతము నుండి కోలారు బంగారు గనులకు కూలికి పోయిరి. కొందరు మద్రాసు మిల్లులకు, రైల్వే కర్మాగారములకు వచ్చిరి. కొందరు బొంబాయిలో రోడ్లు వేసి, మేడలు కట్టిరి. ఆ కామాఠీల పేరు మీదనే కామాఠీపుర అను పేట నేటికిని ఉన్నది. షోలాపూరు, భివండి మగ్గాల మీదికి వచ్చినవారు కొందరు. తుంగభద్ర కాలువ నీరు పారిన తరువాత సింధనూరు, గంగావతి వైపు వచ్చి క్యాంపులు వేసికొన్నవారు కొందరు. మరికొందరు ఊరు కదలనే లేదు, గీతయే వారి ఊరిని దాటినది. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు బరంపురము, పర్లాకిమిడి అటు చేరినవి. 1953లో ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు బళ్లారి మైసూరులో కలిసినది, మద్రాసు ఇటు రాలేదు. యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండి, గోదావరి జిల్లా మధ్యనే ఉన్నను నేటికి పుదుచ్చేరిలో భాగముగా ఉన్నది. ఈ సంవత్సరములు పుస్తకములలో దొరుకును. అయితే ఆ దినమున మీ అమ్మ ఏ మూట కట్టుకొని రైలెక్కినదో, ఎవరు స్టేషనుకు వచ్చి ఏడ్చిరో, మొదటి రాత్రి ఎవరి వసారాలో పండుకొంటిరో ఏ పుస్తకములోను దొరకదు. అది మీ నోటిలో మాత్రమే ఉన్నది.

గనుల ప్రాంతములో మాకు తెలిసిన ఒక వృద్ధ సహోదరి ఉండెను. భర్త భూమి క్రింద పనిచేసినవాడు. 2001లో గనులు మూతబడిన తరువాత ఆమె కుమారుని దగ్గర బెంగళూరులో ఉండెను. పాత సంగతులు ఎన్నడును ఎత్తునది కాదు. ఒక దినము మనవరాలు, "అవ్వా, నీకు దేనికి ఎక్కువ భయం వేసేది?" అని అడిగినది. ఆమె చాలాసేపు మాటలాడలేదు. తరువాత, "సైరను వేళ తప్పి మోగితే" అన్నది. లోపల రాయి పేలిన దినములలో అట్లు మోగెడిదట. వెంటనే పొయ్యి మీద అన్నము దించివేసి, ఉన్నచోటనే మోకాళ్లు వేసెడిదట. ఆ ఇంటిలో నేటికి అన్నము దించగానే ఒక నిమిషము ప్రార్థించుట అలవాటు. అది ఎందుకో ఎవరికిని తెలియదు. అవ్వకు ఉన్న అలవాటని మాత్రమే ఎరుగుదురు. ఆ చిన్న ప్రశ్నతో ఆ కుటుంబ ప్రార్థన ఎక్కడ పుట్టినదో ఆ దినము తెలిసినది.

3. సిగ్గుపడి మూసిన నోరు

చాలమంది పెద్దలు చెప్పకపోవుటకు మరియొక కారణము కలదు. అది సిగ్గు. మా నాయన పాలేరు, మా తాత చెప్పులు కుట్టినవాడు, మేము మాలపల్లెలో, మాదిగవాడలో పుట్టితిమి, అంబలి తాగి పెరిగితిమి అని చెప్పుటకు నోరు రాదు. పిల్లలు ఇంగ్లీషు చదువులు చదివి ఉద్యోగములు చేయుచున్నారు, ఇవన్నియు వారికెందుకు అందురు.

అయితే దేవుడు ఇశ్రాయేలుకు ఏమి నేర్పెను? ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయము చూడుడి. పాలు తేనెలు ప్రవహించు దేశములో స్థిరపడి, మొదటి పంట గంపలో పెట్టుకొని దేవుని సన్నిధికి వచ్చినవాడు ఊరక గంప దించి పోరాదు. నోరు తెరచి, తన పితరుడు తిరుగులాడిన దిక్కులేనివాడనియు, కొద్దిమందితో ఐగుప్తునకు పోయెననియు, అక్కడ బాధింపబడితిమనియు, దేవుడు విడిపించెననియు చెప్పవలెను. కడుపు నిండిన దినముననే ఆకలి దినమును చెప్పవలెను. గంపతో పాటు కథ కూడ కానుకయే. కథ చెప్పని గంపను చూచినవారు అది మన కష్టార్జితమే అనుకొందురు.

మన బాప్తిస్టు సంఘముల పుట్టుకయే ఇందుకు సాక్ష్యము. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమున ఘోరమైన కరువు వచ్చెను. ఒంగోలులోని జాన్ క్లఫ్ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని చూపిరి. ఆ కరువు సమయములో ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మములు ఇయ్యలేదు. కూటికొరకు వచ్చిరని ఎవరును అనకూడదని ఆయన తలంపు. సహాయము ముగిసినది, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పినప్పుడు కూడ ప్రజలు మరలిపోలేదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఎందుకొరకు వచ్చితిరన్న ప్రశ్నకు వారు నిలిచి చెప్పిన జవాబు అది.

ఆ తరమువారి మాటలలో కొన్ని మనకు ఎట్లు మిగిలినవో తెలియునా? క్లఫ్ దొరగారి రెండవ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లఫ్ దొరసానిగారు ఒంగోలు ప్రాంతములోని మాదిగ పెద్దలు చెప్పిన సంగతులను కూర్చి, ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అను పేరుతో ఆంగ్లములో ఒక పుస్తకము వ్రాసిరి. అది 1899లో అచ్చయినది. ఆ పేరునకు ‘చెప్పులు కుట్టుచుండగా’ అని అర్థము. తల్లిదండ్రులు ఎట్లు బ్రతికిరో, సువార్త రాకముందు ఏ గురువుల వెంట తిరిగిరో, కరువులో ఏమి జరిగెనో ఆ పెద్దలు చెప్పిరి. చదువు రాని ఆ పెద్దలు, "మా బ్రతుకులు ఏం బ్రతుకులు?" అని నోరు మూసికొన్నయెడల నేడు మనకు ఆ తరము ముఖమే కనబడకపోవును. ఒకరు అడిగిరి, వారు దాచక చెప్పిరి, మనకు పితరులు దక్కిరి.

4. కోరిక అడుగుట, కోరిక చెప్పుట

జీవితము, జ్ఞాపకము అయినవి. మూడవది కోరిక. ఇది అన్నిటికంటె కష్టమైనది. పెద్దలు చెప్పరు, పిల్లలు అడుగరు.

యాకోబు ఐగుప్తులో పదునేడు సంవత్సరములు సుఖముగానే ఉండెను. మరణము సమీపించినప్పుడు యోసేపును పిలిచి, తన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దని, పితరుల సమాధిలో పాతిపెట్టుమని కోరెను (ఆది. 47:29-30). తరువాత కుమారులందరికిని అదే మరల చెప్పెను. మక్పేలా గుహ ఎక్కడున్నది, అబ్రాహాము ఎవరి యొద్ద కొనెను, అందులో ఎవరెవరు పాతిపెట్టబడిరి అన్నియు దస్తావేజులో హద్దులు వ్రాసినట్లు చెప్పెను (49:29-32). అంత వివరముగా చెప్పెను గనుకనే యోసేపు ధైర్యముగా ఫరో సెలవు అడుగగలిగెను. అన్నదమ్ములలో తగవు రాలేదు.

మన ఊళ్లలో ఇది ఎంత అవసరమో ఆలోచించుడి. పరాయి రాష్ట్రములో సమాధి స్థలము దొరకుటయే కష్టము. ఒక కుమారుడు నాయనను సొంత ఊరికి తీసికొనిపోవుదమనును. మరియొకడు అమ్మను పాతిపెట్టిన ఇక్కడనే అనును. మేనత్తలు ఒకటి, మేనమామలు ఒకటి అందురు. శవము ఇంటిలో ఉండగానే కేకలు లేచును. చనిపోయినవారు బ్రతికియుండగా ఒక్క మాట చెప్పినయెడల, ఒక్కరు ధైర్యము చేసి అడిగినయెడల ఈ వేదన ఉండదు. చావు మాట ఎత్తరాదను పట్టింపు పునరుత్థానమును నమ్మిన మనకు తగదు.

అందరి కోరికయు యాకోబు కోరిక వంటిది కాదు. దావీదు తన్ను ఆదుకొన్న బర్జిల్లయిని యెరూషలేమునకు వచ్చి తన బల్ల యొద్ద భుజింపుమని పిలిచెను. ఆ ఎనుబది ఏండ్ల వృద్ధుడు నాకు రుచి తెలియదు, పాట వినబడదు, నా తల్లిదండ్రుల సమాధి ఉన్న ఊరిలోనే చనిపోనిమ్ము, నాకు బదులు కింహామును తీసికొనిపొమ్మని చెప్పెను (2 సమూ. 19:34-37). రాజు నొచ్చుకొనలేదు. ముద్దు పెట్టుకొని దీవించి పంపెను. మనమైతే ఏమి చేయుదుము? ప్రేమతోనే, "నీకేం తెలుసు నాన్నా, మా దగ్గర ఉంటేనే సుఖం" అని మూట కట్టి తెచ్చి ఎనిమిదవ అంతస్థులో కూర్చుండబెట్టుదుము. ఆసుపత్రిలో డాక్టరుగారు కన్నడములోనో తమిళములోనో ప్రశ్న అడుగగా, అమ్మ నోరు తెరువక ముందే కుమారుడు జవాబు చెప్పును. భాష రాదు నిజమే. కాని తెలుగులో ఆమెను అడిగి చెప్పుటకు ఎంతసేపు పట్టును?

మన ప్రభువును చూడుడి. యెరికో దారిలో గ్రుడ్డివాడైన బర్తిమయి వచ్చి నిలిచెను. అతనికి ఏమి కావలెనో గుంపులో ప్రతివారికి తెలియును. సమస్తమెరిగిన ప్రభువుకు తెలియదా? అయినను, నేను నీకేమి చేయవలెనని కోరుచున్నావని ఆయన అడిగెను (మార్కు 10:51). అంతకుముందు అందరు నోరు మూసికొమ్మని గద్దించిన మనిషికి ప్రభువు మాట తిరిగి ఇచ్చెను. చూపు ఇచ్చుటకు ముందే మర్యాద ఇచ్చెను. వృద్ధులకు అన్నము, మందులు పెట్టుట మంచిదే. కాని మీకేమి కావలెనని అడుగుట కూడ పరిచర్యయే. ఒకరికి అక్కను ఒకసారి చూడవలెనని ఉండును. ఒకరికి పాతిక సంవత్సరముల క్రిందట మాట పట్టింపు వచ్చిన తమ్మునితో సమాధానపడవలెనని ఉండును. ఒకరికి చివరి గడియలో తెలుగు వాక్యమే చదువవలెనని ఉండును. ఇవి ఖర్చుతో కూడిన కోరికలు కావు, అడుగువారు లేని కోరికలు.

5. ఎట్లు అడుగవలెను, ఎట్లు చెప్పవలెను

ట్రైనింగు స్కూలులో మాకు మొదట నేర్పిన పాఠము ప్రశ్న వేయుట. ప్రశ్న చిన్నదిగా ఉండవలెను, ఒకసారి ఒకటే ఉండవలెను, వేసిన తరువాత ఓపికగా ఊరుకొనవలెను. "మీ జీవితము చెప్పండి" అనిన ఎవరును చెప్పలేరు. "మీ ఇంటి వాకిట ఏ చెట్టు ఉండేది? బావికి ఎంత దూరం పోయేవారు? మిమ్మును సండేస్కూలుకు ఎవరు తీసికొనిపోయేవారు?" అని అడుగుడి. చెట్టు దగ్గర మొదలుపెట్టినవారు తామే చర్చి వరకు నడిచివత్తురు. నడుమ సరిదిద్దవద్దు. "ఆ సంగతి మొన్ననే చెప్పారుగా" అనవద్దు.

బలవంతము కూడ చేయవద్దు. ప్రతి ప్రశ్నకును జవాబు బాకీ లేదు. హేరోదు యేసును అనేక ప్రశ్నలు వేసెను. ఆయన ఒక్క మాటయు పలుకలేదు (లూకా 23:9). హేరోదుకు కావలసినది వేడుక మాత్రమే. కూలిపోయిన కాపురము, పోగొట్టుకొన్న బిడ్డ, ఇట్టివి వేడుకకు అడుగదగినవి కావు. పెద్దవారి కన్ను తడియైనప్పుడు ప్రశ్న అక్కడే ఆపి, చెయ్యి పట్టుకొని కూర్చుండుడి. చెప్పవలెననిపించిన దినమున వారే చెప్పుదురు.

చెప్పు పెద్దలకు కూడ ఒక మాట. ఉన్నది చెప్పుడి, లేనిది కలుపవద్దు. పాత పొలము తగవులను పిల్లల చేతిలో పెట్టుటకు ఈ అవకాశమును వాడుకొనవద్దు. ఇంకొకరు మనలను నమ్మి చెప్పిన రహస్యము మన కథ కాదు, అది మనతోనే సమాధికి పోవలెను. కష్టము చెప్పినప్పుడు ఆ కష్టములో దేవుడు ఎక్కడ ఉండెనో కూడ చెప్పుడి. రాహేలు సమాధిని చెప్పిన నోటనే యాకోబు, తాను పుట్టిన దినము మొదలు దేవుడే తన్ను కాపరివలె పోషించెనని కూడ చెప్పెను (ఆది. 48:15).

ఆలస్యము చేయవద్దు. వయస్సు మీరినకొలది కొందరికి జ్ఞాపకము తప్పును. కన్నబిడ్డల పేర్లు మరచిపోయినవారు సైతము చిన్ననాటి కీర్తన ఎత్తగానే పెదవులు కదుపుట మేము చూచితిమి. అట్టివారు ఇక జవాబు చెప్పలేకపోయినను దేవునికి వారు ప్రశ్న కారు. తల్ల వెండ్రుకలు వచ్చువరకు ఎత్తుకొనువాడను నేనే అని వాగ్దానము చేసినవాడు (యెషయా 46:4) వారి కథను సంపూర్ణముగా ఎరుగును. కాని మనము ఎరుగము. గనుక ఈ దినముననే అడుగుడి.

6. మన జవాబు ఎక్కడ మొదలాయెను?

బాప్తిస్టులమైన మనకు ఈ పని క్రొత్తది కాదు. మనలో ప్రతివారును బాప్తిస్మమునకు ముందు సంఘము ఎదుట నిలిచి, యేసును ఎట్లు ఎరుగుదువు, ఎందుకు నమ్మితివి అను ప్రశ్నలకు సొంత నోటితో జవాబు చెప్పినవారమే. మనకు బదులు అమ్మ చెప్పలేదు, నాన్న చెప్పలేదు, అయ్యగారు చెప్పలేదు. కాళ్లు వణకినను చెప్పితిమి. ఆ దినము మన జవాబుతో మన విశ్వాస జీవితము మొదలాయెను. మరి ఆ జవాబు అక్కడనే ఆగిపోవచ్చునా? నలువది ఏండ్లు ప్రభువుతో నడచిన తరువాత చెప్పవలసినది పెరుగునా, తరుగునా? మనలోని నిరీక్షణను గూర్చి అడుగు ప్రతివానికి సాత్వికముతో జవాబు చెప్పుటకు సిద్ధముగా ఉండవలెనని పేతురు వ్రాసెను (1 పేతురు 3:15). అడుగు ప్రతివానిలో మన మనవరాలు కూడ ఉన్నది.

కావున సంఘములలో ఈ పని చేయుదము. యౌవనస్థులారా, నెలకొక ఆదివారము సాయంత్రము మీ సంఘములోని ఒక వృద్ధుని ఇంటికి ఇద్దరిద్దరుగా వెళ్లుడి. వారు చెప్పినది వారి మాటలలోనే తెలుగున వ్రాసికొనుడి. తెలుగు లిపి రానివారు సెల్‌ఫోనులో వారి గొంతు పట్టియుంచుడి, వ్రాయగలవారి చేత తరువాత వ్రాయించుడి. స్త్రీల సమాజపు అక్కయ్యలారా, మగవారు ఉన్నచోట నోరు విప్పని అమ్మలను, అవ్వలను మీరే అడుగుడి. వారి కథలు చాలవరకు ఎక్కడను వ్రాయబడలేదు. కుమారులారా, కుమార్తెలారా, మీ తల్లిదండ్రులను ఒంటరిగా కూర్చుండబెట్టి వారి కోరిక ఏదో అడుగుడి, విన్న తరువాత వాదింపవద్దు. వృద్ధులైన సహోదరులారా, మిమ్మును ఎవరును అడుగకపోయినను యాకోబువలె బలము తెచ్చుకొని కూర్చుండి చెప్పుడి.

అరణ్యములో నీటి ఊట యొద్ద ఒంటరిగా నిలిచిన హాగరును, ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి పోవుచున్నావని దేవుని దూత అడిగెను (ఆది. 16:8). ఆమె మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పగలిగెను, రెండవదానికి దేవుడే జవాబిచ్చెను. మనము ఎక్కడనుండి వచ్చితిమో మన పిల్లలకు చెప్పుదము. వారు ఎక్కడికి పోవలెనో వారిని చూచుచున్న దేవుడు వారికి చూపును. అట్టి కృప ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.